చక్రం కింద బాల్యం: మౌల్‌బ్రోన్ మఠపాఠశాల, దాని ప్రవేశపరీక్ష, ఒక నవల

జర్మనీ నైరుతి భాగంలోని వ్యుర్టెంబెర్గ్ రాజ్యంలో ఏటా వేసవిలో, పద్నాలుగేళ్ల ప్రాయపు మగపిల్లలు కొందరు తమ ఊళ్ల నుంచి రాజధాని స్టుట్‌గార్ట్‌కు వెళ్లి ‘లాండెక్సామెన్’ అనే పోటీపరీక్ష రాసేవారు. రాజ్యమంతటికీ కలిపి జరిపే పరీక్ష కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. అందులో నెగ్గిన కొద్దిమందికి ఆపై చదువంతా, తిండి, బసలతో సహా, ఉచితంగా సాగేది. చదువు ముగిశాక వారు ప్రొటెస్టెంట్ చర్చిలో పాస్టర్లుగానో, ఉన్నత పాఠశాలల్లో ఉపాధ్యాయులుగానో స్థిరపడేవారు. ఆస్తిపాస్తులు లేని ఇంటి పిల్లవాడు చదువు బలంతో పైకి రావడానికి ఆ రాజ్యంలో ఇంతకు మించిన రాచబాట లేదు. ఆ బాట మీద నడుస్తూ మధ్యలోనే కుప్పకూలిన ఒక పిల్లవాడి కథను హెర్మన్ హెస్సే (1877–1962) ‘ఉంటెర్మ్ రాడ్’, అంటే ‘చక్రం కింద’, అన్న పేరుతో నవలగా రాశాడు. అది 1904లో జూరిచ్ దినపత్రికలో ధారావాహికగా వెలువడి, 1906 నాటికి బెర్లిన్‌లోని ఫిషర్ ప్రచురణసంస్థ ద్వారా పుస్తకమైంది.

తెలుగు పాఠకులు హెస్సేను ముఖ్యంగా ‘సిద్ధార్థ’ (1922) రచయితగా ఎరుగుదురు. దానికంటే పదహారేళ్ల ముందే వచ్చిన ఈ చిన్న నవల మాత్రం, తెలుగునాట ఇంటింటికీ తెలిసిన విషయం గురించే రాసినదైనా, ఇక్కడ అంతగా చర్చకు రాలేదు. ఎదిగే వయసు పిల్లవాడి మనసులోని కల్లోలాన్ని చిత్రించిన నవలలు ఐరోపా భాషల్లో అనేకం ఉన్నా, ఆ కల్లోలం పిల్లవాడి స్వభావంలోనే పుట్టిందని సరిపెట్టుకోకుండా, మూడున్నర శతాబ్దాలుగా పాతుకుపోయిన ఒక విద్యావ్యవస్థ అతని దినచర్యలోకి, నిద్రలోకి, చివరకు శరీరంలోకి ఎలా ప్రవేశించిందో ఇంత దగ్గరగా చూపినవి తక్కువ. ఈ నవలను మరింత భయంకరం చేసే సంగతి, అందులో దుర్మార్గులెవరూ లేకపోవడం. ఆ పిల్లవాడికి హాని చేసిన వారందరూ అతని మేలు కోరినవారే.

మౌల్‌బ్రోన్ మఠాన్ని 1147లో సిస్టర్షియన్ సన్యాసులు స్థాపించారు. కాయకష్టం, మౌనం, నిరాడంబరత నియమాలుగా పెట్టుకొని, జనావాసాలకు దూరంగా నీటి వసతి ఉన్న లోయల్లో మఠాలు కట్టుకొని, చెరువులూ కాలువలూ తవ్వి సేద్యం చేసిన కథోలిక సన్యాసి శాఖవారిని సిస్టర్షియన్లు అంటారు. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ ప్రారంభించిన మతసంస్కరణ వ్యుర్టెంబెర్గ్‌కు చేరాక అక్కడి ప్రభువులు కొత్త మతాన్ని స్వీకరించి మఠాలను తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. సన్యాసులు పోయారు గాని మఠాల భూములు, వాటి రాబడి మిగిలాయి. మరోవైపు, బైబిలును మూలభాషల్లో చదివి ప్రజలకు వివరించగల బోధకులు కొత్త చర్చికి వందల సంఖ్యలో కావలసివచ్చారు. ఈ రెండింటినీ ముడివేస్తూ డ్యూక్ క్రిస్టోఫ్ 1556లో మఠాలను బడులుగా మార్చే శాసనం చేశాడు. ఊళ్లలోని లాటిన్ బడుల నుంచి తెలివైన పిల్లలను ఏరి మఠాల్లో పెట్టి, లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలు నేర్పి, అక్కడి నుంచి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా 1536 నుంచి నడుస్తున్న ‘ష్టిఫ్ట్’ అనే వసతి విద్యాలయానికి పంపడం ఆ పథకం సారాంశం. పంతొమ్మిదో శతాబ్దం నాటికి అటువంటి మఠపాఠశాలలు, అంటే ‘సెమినార్’లు, నాలుగు మిగిలాయి: మౌల్‌బ్రోన్, బ్లౌబోయ్‌రెన్, ఊరాఖ్, షోన్‌టాల్.

పథకం ఫలించిందన్నది కాదనలేని సంగతి. కూలికి యుద్ధాలు చేసే సైనికుడి కొడుకు యోహానెస్ కెప్లర్ 1586లో మౌల్‌బ్రోన్‌లో చేరి, అక్కడి నుంచి ట్యూబింగెన్‌కు వెళ్లి, గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగే దారులను లెక్కకట్టగలిగినవాడయ్యాడు. ఈ బడులే లేకపోతే అతడు ఏ సత్రంలోనో పనివాడిగా మిగిలిపోయేవాడేమో. తత్త్వవేత్తలు హెగెల్, షెల్లింగ్, కవి హోల్డర్లిన్ ట్యూబింగెన్ ష్టిఫ్ట్‌లో ఒకే కాలంలో చదువుకున్నారు. అయితే ఆ ముగ్గురిలో హోల్డర్లిన్, 1786 నుంచి 1788 వరకు మౌల్‌బ్రోన్‌లో గడిపినవాడు, తరువాతి కాలంలో మతి చలించి, జీవితంలో చివరి ముప్పై ఆరేళ్లు ట్యూబింగెన్‌లో నెకార్ నది ఒడ్డున ఒక బురుజు గదిలో గడిపాడు. దీనికి బడిని కారణంగా చూపడం అన్యాయమే అవుతుంది. అయినా పాఠశాల తన గొప్పలు చెప్పుకునేటప్పుడు కెప్లర్‌తో పాటు హోల్డర్లిన్ పేరునూ తలుస్తుంది కనుక, ఆ రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడడంలో తప్పు లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పరీక్ష చిన్న ఊళ్ల పరువుకు కొలమానమైపోయింది. ఊరి లాటిన్ బడి నుంచి ఒక్క పిల్లవాడు స్టుట్‌గార్ట్‌లో నెగ్గినా ప్రధానోపాధ్యాయుడికి పేరు, పాస్టరుకు సంతృప్తి, తండ్రికి గౌరవం దక్కేవి. అందుకే తెలివైనవాడని తేలిన పిల్లవాడి మీద ఊరంతా కన్నేసేది. పిల్లల మీద చదువు భారం మితిమీరుతోందన్న ఆందోళన జర్మన్ దేశాల్లో అప్పటికే పాతది. లోరిన్‌సర్ అనే వైద్యుడు 1836లోనే పాఠశాలలు పిల్లల ఆరోగ్యాన్ని పాడుచేస్తున్నాయని హెచ్చరిస్తూ వ్యాసం రాసి పెద్ద దుమారం లేపాడు. 1890 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన విద్యా సమావేశంలో చక్రవర్తి రెండో విల్హెల్మ్ స్వయంగా లాటిన్, గ్రీకు చదువుల మోతాదును తప్పుపట్టాడు. ఆయనకు కావలసింది ఆరోగ్యవంతులైన సైనికులు గనుక ఆయన జాలికి వేరే కారణం ఉందనుకున్నా, సమస్య అందరి కంటికీ కనిపించేంత పెద్దదైందని దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రష్యా ప్రభుత్వం అప్పటికే విద్యార్థుల ఆత్మహత్యల లెక్కలు సేకరించడం మొదలుపెట్టింది.

హెస్సే కుటుంబానికి మౌల్‌బ్రోన్ కొత్త కాదు. అతని మాతామహుడు హెర్మన్ గుండర్ట్ (1814–1893) ఆ మఠంలోనే చదివి, ట్యూబింగెన్‌లో పట్టా పుచ్చుకొని, 1836లో భారతదేశానికి వచ్చాడు. ఓడ ప్రయాణంలోనే తెలుగుతో సహా భారతీయ భాషలను అభ్యసించడం మొదలుపెట్టిన ఆయన తొలినాళ్లలో ఆంథొనీ గ్రోవ్స్ అనే మిషనరీతో కలిసి చిత్తూరులో పనిచేశాడు. 1838లో జూలీ డ్యుబువాతో ఆయన పెళ్లి జరిగిందీ చిత్తూరులోనే. ఆ పిమ్మట మలబారు తీరంలోని తలశ్శేరికి వెళ్లి, మలయాళ వ్యాకరణం, 1872లో అచ్చయిన మలయాళ నిఘంటువు వంటి గ్రంథాలతో ఆ భాషకు చిరస్మరణీయుడయ్యాడు. ఆయన కూతురు మరీ 1842లో తలశ్శేరిలో పుట్టింది. ఆమె భర్త యోహానెస్ హెస్సే కూడా మంగళూరులో మిషనరీగా పనిచేసి, ఆరోగ్యం చెడి తిరిగివెళ్లి, కాల్వ్ అనే పట్నంలో మామగారు నడిపే మతగ్రంథాల ప్రచురణసంస్థలో చేరాడు. ఆ దంపతుల కొడుకే హెర్మన్ హెస్సే. తాతకు మౌల్‌బ్రోన్ నేర్పిన భాషాభ్యాసమే ఒక జీవితకాలపు పాండిత్యానికి పునాది అయింది కాబట్టి, మనవణ్ణి కూడా ఆ దారినే పంపాలని కుటుంబం అనుకోవడంలో వింత లేదు.

ఆ ఇంట్లో నెలకొన్నది ‘పైయటిజం’. సిద్ధాంత చర్చల కంటే వ్యక్తి అంతరంగ భక్తికి, దినదిన ఆత్మపరీక్షకు పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్ భక్తిమార్గం అది. పిల్లవాడి మొండితనాన్ని ఆ మార్గంలో కేవలం అల్లరిగా చూడరు. దేవుడికి లొంగని ఇచ్ఛగా భావించి దాన్ని విరవడమే ప్రేమ అనుకుంటారు. హెస్సే బాల్యాన్ని అర్థం చేసుకోవడానికి ఇది కీలకం. 1890లో అతణ్ణి లాండెక్సామెన్ శిక్షణకు పేరుపడ్డ గ్యోపింగెన్ లాటిన్ బడికి పంపారు. కుటుంబానికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పౌరసత్వం ఉండడంతో, పరీక్షకు అర్హత కోసం పిల్లవాడికి వ్యుర్టెంబెర్గ్ పౌరసత్వం ఇప్పించారు. 1891 జులైలో పరీక్ష నెగ్గి, ఆ సెప్టెంబరులో మౌల్‌బ్రోన్‌లో చేరాడు.

ఆ తరువాతి ఆరునెలలు ఉత్తరాల్లో చదివితే అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 1892 ఫిబ్రవరి చివరలో ఇంటికి రాసిన ఉత్తరంలో, తాను సంతోషంగా, తృప్తిగా ఉన్నానని పిల్లవాడు చెప్పుకున్నాడు. రెండు వారాలైనా తిరగకముందే, మార్చి 7న, ఎవరికీ చెప్పకుండా మఠం విడిచి వెళ్లిపోయాడు. ఒళ్లు గడ్డకట్టే చలిలో రాత్రంతా ఆరుబయట గడిపి, మరునాడు దొరికి వెనక్కి వచ్చాడు. ఉపాధ్యాయులు విధించిన శిక్ష ఎనిమిది గంటల ‘కార్సర్’, అంటే బడిలోని నిర్బంధపు గదిలో ఒంటరిగా ఉంచడం. తోటివారు అతనికి దూరం జరిగారు. తలనొప్పులు, నిద్రలేమి, కుంగుబాటు పెరగడంతో తల్లిదండ్రులు మే నెలలో బడి మాన్పించారు.

పిల్లవాణ్ణి మొదట బాడ్ బోల్‌లో ప్రార్థనలతో స్వస్థత చేకూరుస్తాడని పేరున్న పాస్టర్ బ్లూమ్‌హార్ట్ దగ్గర ఉంచారు. అక్కడ తనకంటే వయసులో పెద్దదైన యువతి మీద పెంచుకున్న ప్రేమకు ప్రతిస్పందన దొరకక ప్రాణం తీసుకోబోయాడు. పదిహేనో పుట్టినరోజు కూడా రాకముందు జరిగిన సంగతి ఇది. అప్పుడు ష్టెటెన్ అనే ఊళ్లో మూర్ఛరోగులకు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నడిపే ఆశ్రమంలో చేర్చారు. తాను పిచ్చివాడిగా లెక్కకు వచ్చానన్న అవమానంతో సెప్టెంబరులో తండ్రికి రాసిన ఉత్తరంలో ఆయనను ‘నాన్నా’ అని పిలవకుండా, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని సంబోధించినట్టు ‘గౌరవనీయులైన అయ్యా’ అని మొదలుపెట్టాడు. ఈ ఉత్తరాలన్నీ కుటుంబం భద్రపరిచింది. హెస్సే మరణించాక ఆయన భార్య నినాన్ వాటిని సేకరించి 1966లో ప్రచురించింది. కౌమారపు వేదన గురించి పెద్దలు పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాలు ఎన్నో ఉంటాయి గాని, ఆ వయసులో, ఆ వేడిలో, ఆ పిల్లవాడి చేతిరాతలోనే దక్కిన సాక్ష్యం ఇంత సమగ్రంగా దొరకడం అరుదు.

ష్టెటెన్ తరువాత కాన్‌ష్టాట్‌లో ఉన్నత పాఠశాల ఏడాదిలోపే ముగిసింది. ఎస్లింగెన్‌లో పుస్తకాల కొట్టులో చేరిన ఉద్యోగం మూడు రోజులే నిలిచింది. చివరికి 1894 నుంచి 1895 వరకు కాల్వ్‌లోనే పెరో అనే గోపుర గడియారాల తయారీదారు కర్మాగారంలో, ఆకురాయి పట్టి ఇనుము అరగదీస్తూ, పద్నాలుగు నెలలు పనిచేశాడు. మఠం నుంచి బయటపడ్డ పిల్లవాడికి కుదుటపడే వీలు కల్పించింది చేతిపనే. ఆ వెంటనే ట్యూబింగెన్‌లోని పుస్తకాల దుకాణంలో చేరాడు. ష్టిఫ్ట్‌లో విద్యార్థిగా రావలసిన ఊరికే దుకాణంలో పనివాడిగా వచ్చి, స్వయంగా చదువుకొని రచయిత అయ్యాడు.

ఈ అనుభవాన్ని హెస్సే నవలలో ఇద్దరు పిల్లలకు పంచాడు. తిరగబడి పారిపోయే కవి హెర్మన్ హైల్నర్ అతని ఒక సగం. పేరులో మొదటి అక్షరాలు కూడా రచయితవే. లొంగిపోయి నలిగిపోయే హాన్స్ గీబెన్‌రాట్ రెండో సగం. హాన్స్ అనే పేరు మాత్రం రచయిత తమ్ముడిది. 1882లో పుట్టిన ఆ తమ్ముడు కాల్వ్ లాటిన్ బడిలో ఉపాధ్యాయుల భయంతో పడిన బాధను హెస్సే తరువాత ఒక జ్ఞాపకవ్యాసంలో నమోదు చేశాడు. ఆ తమ్ముడు జీవితమంతా ఆ బెరుకు నుంచి తేరుకోలేక 1935లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. తప్పించుకున్నవాడు రచయిత, అతడు రాసింది తప్పించుకోలేనివాడి కథ.

నవలలో హాన్స్ తల్లి లేని పిల్లవాడు. తండ్రి యోసెఫ్ చిన్న దళారీ వ్యాపారి, ఊళ్లో అందరిలాంటి మనిషి. ఊరు ఆ ఏడు పరీక్షకు పంపుతున్నది హాన్స్ ఒక్కణ్ణే. సాయంత్రం నాలుగింటి వరకు బడి; ఆ వెంటనే ప్రధానోపాధ్యాయుడి దగ్గర గ్రీకు; ఆరింటికి పాస్టరుగారి దగ్గర లాటిన్, మతబోధ; వారానికి రెండు రాత్రులు భోజనం తరువాత గణితం; అటుపైన బడిలో ఇచ్చిన రాతపని కోసం రాత్రి పదింటి వరకు, ఒక్కోసారి ఆ తరువాత కూడా, దీపం ముందు కూర్చోవడం. నూనె ఖర్చుకు తండ్రి సణుగుతాడు గాని ఆ దీపపు వెలుగు చూసి గర్విస్తాడు. ఆదివారం విశ్రాంతి దినమే అయినా, కాస్త వ్యాకరణం తిరగేస్తే మంచిదని పెద్దలు సలహా ఇస్తారు. ఇందులో ప్రతి పాఠమూ పైసా తీసుకోకుండా, ప్రేమతో చెప్పినదే.

ఈ దినచర్యలో పిల్లవాడు ఏం కోల్పోయాడో హెస్సే ఉపన్యాసంగా చెప్పడు. పరీక్షకు స్టుట్‌గార్ట్ వెళ్లే ముందు సాయంత్రం హాన్స్ ఊరి వంతెన మీద ఆగి నదిని చూస్తాడు. ఒకప్పుడు గంటలకు గంటలు గాలం వేసి చేపలు పట్టిన నది అది. పరీక్ష పేరు చెప్పి చేపలవేట మాన్పించేశారు. ఇంటి వెనక తోటలోకి వెళితే, చేత్తో చేసుకున్న చిన్న నీటిచక్రం పాడై కనిపిస్తుంది. పక్కనే ఖాళీ కుందేళ్ల గూడు. చదువుకు అడ్డమని కుందేళ్లను అంతకుముందే తీసేశారు. హాన్స్ గొడ్డలి తెచ్చి ఆ గూటిని ముక్కలు ముక్కలుగా నరికేస్తాడు. చప్పుడు విని తండ్రి కిటికీలోంచి ఏం చేస్తున్నావని అడిగితే, వంటచెరుకు అని జవాబిస్తాడు. ఏడుపు లేదు, ఎదురుమాట లేదు. తనలోని పసివాణ్ణి తానే నరికేసుకుంటున్న పిల్లవాడు తండ్రికి కట్టెలు కొడుతున్న బుద్ధిమంతుడిగా కనిపించాడు. పద్నాలుగేళ్ల మనసులోని కల్లోలాన్ని ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పిన సన్నివేశం ఆ కాలపు జర్మన్ సాహిత్యంలో దొరకడం కష్టం.

పరీక్షలో హాన్స్ రాజ్యం మొత్తానికి రెండోవాడిగా వస్తాడు. తప్పానేమోనని రోజుల తరబడి కుమిలిపోయిన పిల్లవాడి నోట ఆ వార్త వినగానే వెలువడే మాట, ఇది ముందే తెలిసి ఉంటే మొదటి స్థానమే సాధించేవాణ్ణి కదా అని. విజయం సంతోషంగా మారే లోపే మరో పోటీగా మారిపోయింది. బహుమానంగా చేపలవేటకు అనుమతి దొరుకుతుంది. నది ఒడ్డున కొద్ది ఉదయాలు నిజంగానే హాయిగా గడుస్తాయి. అంతలో పాస్టరు, మఠంలో చేరేలోపు కొత్త నిబంధనను గ్రీకులో కాస్త చదివితే అక్కడ సులువవుతుందని రోజుకో గంట అడుగుతాడు. ప్రధానోపాధ్యాయుడు హోమర్ కోసం మరో గంట అడుగుతాడు. ఆపైన గణితం. సెలవులు అలా గంటలు గంటలుగా కరిగిపోతాయి. ఒక్క చెప్పులుకుట్టే ఫ్లైగ్ మాత్రమే, తన భక్తి తనకున్న పైయటిస్టు, పిల్లవాడి పాలిపోయిన ముఖం చూసి, ఈ వయసులో ఒంటికి కండ పట్టాలి, గాలి తగలాలి అంటాడు. ఊళ్లో పెద్దచదువు లేనివాడికే ఇది కనిపించడం కాకతాళీయం కాదు. పరీక్షలో హాన్స్ నెగ్గితే తనకు ఒరిగేదేమీ లేనివాడు అతడొక్కడే.

మౌల్‌బ్రోన్‌లో వసతి గదులకు పురాతన ప్రపంచపు పేర్లు ఉండేవి. హాన్స్ ఉండే గది పేరు ‘హెల్లాస్’, అంటే గ్రీసు. అక్కడ హైల్నర్‌తో కలిసే స్నేహం హాన్స్ జీవితంలో మార్కులతో సంబంధం లేని మొదటి అనుభవం. హైల్నర్‌కు శిక్ష పడినప్పుడు హాన్స్ భయపడి దూరం జరుగుతాడు. శీతాకాలంలో ‘హిందూ’ అని స్నేహితులు ముద్దుపేరు పెట్టిన హిండింగర్ అనే నెమ్మదస్తుడు మంచు పలచబడిన చెరువులో మునిగి చనిపోయాక, ఆ చావు కలిగించిన అపరాధభావంతో తిరిగి వెళ్లి క్షమించమంటాడు. ఆ రోజు నుంచి అతడు మంచి విద్యార్థిగా ఉండడం కంటే మంచి స్నేహితుడిగా ఉండడాన్ని ఎంచుకుంటాడు. మార్కులు పడిపోతాయి. ‘ఎఫోరస్’, అంటే మఠపాఠశాల అధిపతి, అతణ్ణి పిలిపించి, ఆప్యాయంగా చేయి అందించి, పట్టు సడలితే చక్రం కింద పడిపోతావని హెచ్చరిస్తాడు. నవలకు పేరు వచ్చింది ఆ హెచ్చరిక నుంచే. తమ చేతిలోనే ఆ చక్రం తిరుగుతోందన్న ఊహ ఆ అధిపతికి రాదు.

ఇక్కడి నుంచి హెస్సే మనసు గురించి చెప్పవలసినదంతా ఒంటి ద్వారా చెబుతాడు. తలనొప్పులు మొదలవుతాయి, పుస్తకంలోని పాత్రలు కళ్లముందు నిలబడతాయి, తరగతిలో పేరు పిలిచినా లేవలేని స్థితి వస్తుంది. దాన్ని ఉపాధ్యాయులు మొదట సోమరితనంగా, తరువాత మొండితనంగా, చిట్టచివర రోగంగా గుర్తిస్తారు. ఈ వరుస నవలలోని అత్యంత నిశితమైన పరిశీలనల్లో ఒకటి. హైల్నర్ పారిపోయి, బడి నుంచి తొలగింపుకు గురవుతాడు. ఒంటరివాడైన హాన్స్ ‘సెలవు’ పేరుతో ఇంటికి చేరతాడు. మళ్లీ రానవసరం లేదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఊళ్లో అతడు చిన్ననాటి వీధులను, కథలు చెప్పిన మనుషులను వెతుక్కుంటూ తిరుగుతాడు; ఆడుకోవలసిన వయసులో ఆడుకోనివాడు ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ లోటు పూడ్చుకోజూస్తాడు. ఆపిళ్ల రసం తీసే కాలంలో ఫ్లైగ్ బంధువు ఎమ్మా అతనితో కొద్ది రోజులు సరసమాడి, చెప్పకుండానే ఊరు వెళ్లిపోతుంది. కమ్మరి పనిలో చేరి చిన్న పళ్లచక్రాన్ని ఆకురాయితో అరగదీయడం నేర్చుకుంటున్నప్పుడు, పరీక్షలో రెండోవాడిగా వచ్చినవాణ్ణి ఊరు ‘లాండెక్సామెన్ కమ్మరి’ అని వెక్కిరిస్తుంది. ఒక ఆదివారం తోటి పనివాళ్లతో వెళ్లి తాగి, ఒంటరిగా తిరిగివస్తూ, తాను చేపలు పట్టిన నదిలోనే మునిగి చనిపోతాడు. అది ప్రమాదమో, కాదో రచయిత తేల్చడు. అంత్యక్రియల నుంచి వెళ్లిపోతున్న ఉపాధ్యాయులను చూపిస్తూ, పిల్లవాడు ఇక్కడికి చేరడానికి వాళ్లూ సాయపడ్డారని ఫ్లైగ్ తండ్రితో అంటాడు. తనను, తండ్రిని కూడా ఆ తప్పు నుంచి మినహాయించడు.

నవలలో లోపాలు లేకపోలేదు. కథకుడు అక్కడక్కడ కథను ఆపి ఉపాధ్యాయుల మీద నేరుగా విరుచుకుపడతాడు. గొడ్డలి సన్నివేశం రాసిన చేతికి ఆ ప్రసంగాల అవసరం లేదు. ఇరవై ఆరేళ్ల రచయిత కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆ కోపం అతనొక్కడిది కాదు. వేడెకిండ్ నాటకం ‘వసంతోదయం’ 1891లోనే అచ్చయినా, రంగస్థలం మీదికి రావడానికి 1906 వరకు ఆగవలసి వచ్చింది. థామస్ మాన్ ‘బుడెన్‌బ్రూక్స్’ (1901)లో హానో అనే పిల్లవాడి ఒక్క బడిరోజును సుదీర్ఘంగా వర్ణించాడు. ఎమిల్ ష్ట్రౌస్ 1902లో సంగీతం తప్ప గణితం పట్టని పిల్లవాడి కథ రాశాడు. సైనిక వసతి పాఠశాలలోని క్రౌర్యాన్ని చిత్రించిన రాబర్ట్ మూసిల్ ‘ట్యోర్లెస్’ 1906లోనే వచ్చింది. అంతకుముందు జర్మన్ సాహిత్యంలో యువకుడి ఎదుగుదల కథకు గేటే ‘విల్హెల్మ్ మైస్టర్’ (1795–96) నమూనాగా ఉండేది. అందులో యువకుడు తప్పటడుగులు వేసి, చివరకు సమాజంలో తన చోటు వెతుక్కుంటాడు. అటువంటి నవలను ‘బిల్డుంగ్స్‌రోమాన్’, అంటే వ్యక్తిత్వ వికాస నవల అంటారు. శతాబ్దం తిరిగేసరికి కొత్త తరం రచయితలు ఆ కథను తలకిందులు చేశారు: ఎదుగుదలకని కట్టిన బడే ఎదుగుదలను ఆపుతుందన్నారు.

అదే కాలంలో శాస్త్రం కూడా ఆ వయసు వైపు చూడసాగింది. అమెరికాలో స్టాన్లీ హాల్ 1904లో ‘కౌమారం’ అన్న పేరుతో రెండు సంపుటాల గ్రంథం ప్రచురించి, అది బాల్యానికీ యవ్వనానికీ నడుమ తుఫాను వంటి ప్రత్యేక దశ అని వాదించాడు. 1910 ఏప్రిల్‌లో వియన్నాలోని మనోవిశ్లేషకుల సంఘం విద్యార్థుల ఆత్మహత్యల మీద ప్రత్యేక చర్చ జరిపింది. అందులో ఫ్రాయిడ్ వెలిబుచ్చిన అభిప్రాయం, పాఠశాల పిల్లలను చావు వైపు నెట్టకుండా ఉంటే చాలదని, వారికి బతకాలన్న కోరికను, బయటి లోకం మీద ఆసక్తిని కూడా కలిగించాలని. హాల్ చెప్పిన తుఫాను పిల్లలందరికీ సహజమే కావచ్చు. హెస్సే నవల అడిగేది ఆ తుఫానులో పిల్లవాడి పడవకు ఎంత బరువు ఎక్కించారన్న ప్రశ్న.

మౌల్‌బ్రోన్ 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. అందులో పాఠశాల ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ఆడపిల్లలు కూడా చదువుతున్నారు. లాండెక్సామెన్ కూడా మారిన రూపంలో కొనసాగుతోంది. వ్యవస్థ పూర్తిగా చెడ్డది కాదనడానికి గుండర్ట్ జీవితమొక్కటే చాలు. ఒకే మఠం తాతను నిలబెట్టి మనవణ్ణి విరిచింది కనుక, పిల్లలందరినీ ఒకే దారిలో, ఒకే వేగంతో తోలవచ్చునన్న నమ్మకాన్నే తప్పుపట్టాలి.

తెలుగునేల మీద ఈ చరిత్ర పరాయిదిగా అనిపించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైనప్పుడు, ఆ మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లిలో మరి రెండు ఏర్పడినప్పుడు, పల్లెల్లోని పేదింటి తెలివైన పిల్లలను ప్రవేశపరీక్ష ద్వారా ఏరి, ప్రభుత్వ ఖర్చుతో చదివించాలన్న ఆశయం డ్యూక్ క్రిస్టోఫ్ ఆశయానికి దగ్గరగానే ఉంది. వాటి వల్ల వేల కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. ఆ తరువాత ఇంటర్మీడియట్ చదువును ఇంజనీరింగ్, వైద్య ప్రవేశపరీక్షల శిక్షణగా మార్చిన ప్రైవేటు వసతి కళాశాలలు వచ్చాయి. వేకువజాము స్టడీ అవర్, వారాంతపు పరీక్షలు, ర్యాంకును బట్టి సెక్షన్ మార్పులు, ఆదివారం గంటసేపు తల్లిదండ్రుల పలకరింపు అన్నవి ఇక్కడి రెండు తరాలకు వివరించనవసరం లేని సంగతులు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వెలువడ్డాక కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్టు వార్తలు వచ్చాయి. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి, తప్పినవారి జవాబుపత్రాలను తిరిగి పరిశీలింపజేసింది. ఆ పిల్లల ఇళ్లలో కూడా వారి మేలు కోరనివారు ఎవరూ ఉండి ఉండరు.

హెస్సే ఈ నవలను పిల్లల కోసం రాయలేదు. దాన్ని చదవవలసినవారు పదో తరగతి ఫలితాల మరునాడే కళాశాల ఎంపికకు బయలుదేరే తల్లిదండ్రులు, స్టడీ అవర్ పట్టిక గీసే అధ్యాపకులు, ఇంటర్ బోర్డు అధికారులు. సెలవుల్లో ‘ఇంకో గంట’ అడిగే ముందు వారు ఈ పుస్తకంలోని మొదటి రెండు అధ్యాయాలైనా చదవాలి. ఆ గంట పిల్లవాడి రోజులో దేన్ని తోసేసి వచ్చి కూర్చుంటుందో పిల్లవాణ్ణే అడిగి తెలుసుకోవాలి.